అరకు కొండల్లో గృహహింస: చట్టం ఉంది, దారే లేదు

గృహహింస చట్టం అమలు గురించి 2025 మే 20న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ సతీశ్ చంద్ర శర్మల ధర్మాసనం రాష్ట్రాలకు చెప్పింది ఇది: జిల్లా, తాలూకా స్థాయిలో మహిళా శిశు సంక్షేమ శాఖ అధికారులను గుర్తించి రక్షణాధికారులుగా నియమించండి, ఇంకా నియమించని చోట ఆరు వారాల్లో ఆ పని ముగించండి. వినడానికి ఇదేదో ఆఫీసుల మధ్య వ్యవహారంలా ఉంటుంది. కానీ ఇలాంటి ఉత్తర్వు అవసరం పడిందంటేనే అసలు సంగతి బయటపడుతుంది. పార్లమెంటు 2005లో చేసిన చట్టం, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉన్న చట్టం. దాన్ని నడిపించాల్సిన మనిషి ఎవరన్నది దాదాపు 19 ఏళ్ల తర్వాత కూడా దేశంలో చాలాచోట్ల తేలలేదు.

రక్షణాధికారి అంటే చిన్న ఉద్యోగం కాదు. దెబ్బలు తిన్న మనిషి చెప్పింది విని, ప్రభుత్వం నిర్ణయించిన నమూనాలో రాసి, మేజిస్ట్రేట్‌కు పంపేది ఆయనే లేదా ఆమే. ఆస్పత్రికి, తలదాచుకునే చోటుకు, ఉచిత లాయరు దగ్గరకు చేర్చాల్సిందీ వాళ్లే. ఉమ్మడి రాష్ట్రంలో జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ ప్రాజెక్టు డైరెక్టర్లకే ఈ బాధ్యత కూడా అప్పగించారు. అంగన్‌వాడీల గుడ్లు, బాల్యవివాహాల ఫిర్యాదులు, సమీక్షా సమావేశాలు, వాటన్నింటి మధ్యలో ఇదీ ఒకటి. విజయవాడలోనో గుంటూరులోనో ఈ లోటును పక్కన ఉన్న మహిళా పోలీస్ స్టేషనో, తెలిసిన లాయరో, ఒక మహిళా సంఘమో కొంత పూడుస్తుంది. ఏదీ కుదరకపోతే కనీసం రాత్రి పదింటికి పుట్టింటికి తీసుకెళ్లే బస్సు ఒకటి ఉంటుంది. అరకు, డుంబ్రిగుడ, పెదబయలు, ముంచింగిపుట్టు, జి.మాడుగుల కొండల మీద ఉన్న ఊళ్లలో ఆ బస్సు ఉండదు. తూర్పు కనుమల్లో గృహహింస గురించి మాట్లాడాలంటే ఈ తేడా దగ్గరే మొదలుపెట్టాలి.

ముందుగా లెక్కల సంగతి. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, పెళ్లయిన 18–49 ఏళ్ల ఆడవాళ్లలో భర్త చేతిలో ఎప్పుడో ఒకప్పుడు శారీరక లేదా లైంగిక హింస ఎదుర్కొన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం, తెలంగాణలో దాదాపు 37 శాతం. అదే సర్వేలో మరో ప్రశ్న అడిగారు. చెప్పకుండా బయటకు వెళ్లినా, వంట సరిగా చేయకపోయినా, అత్తమామలను గౌరవించకపోయినా, ఇలాంటి ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనా అని. సబబేనన్న ఆడవాళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నూటికి 84 మంది. దేశం మొత్తం మీద, హింసకు గురైనవాళ్లలో 77 శాతం మంది ఎవరి సాయమూ అడగలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. సాయం అడిగిన కొద్దిమందిలోనూ ఎక్కువమంది పుట్టింటివాళ్లనే అడిగారు. పోలీసుల దాకా వెళ్లినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత.

మరి కొండల్లో ఎంత? ఆ సర్వే గృహహింస లెక్కలను రాష్ట్ర స్థాయిలోనే ఇస్తుంది. జిల్లా పట్టికల్లో ఆ గడే ఉండదు. పైగా అల్లూరి సీతారామరాజు జిల్లా పుట్టిందే 2022 ఏప్రిల్ 4న. ఏర్పడిన నాటికి పన్నెండు వేల చదరపు కిలోమీటర్లకు పైగా విస్తీర్ణం, తొమ్మిదిన్నర లక్షల జనం ఉన్న జిల్లాలో ఇళ్ల లోపల ఏం జరుగుతోందో చెప్పే అంకె ఒక్కటీ లేదు. ఆఫీసుల్లో అంకె లేనిదానికి బడ్జెట్ కూడా ఉండదు.

అంకె లేని చోట అభిప్రాయాలు రాజ్యమేలుతాయి. ఆదివాసీల గురించి మైదానంలో రెండు అభిప్రాయాలున్నాయి, రెండూ ఆడమనిషికి చేటే. మొదటిది, "వాళ్లు తాగుతారు, కొట్టుకుంటారు, మళ్లీ కలిసిపోతారు, వాళ్లలో అంతే." రెండోది కాస్త చదువుకున్నవాళ్ల మాట: "ఆదివాసీ మహిళకు మన ఆడవాళ్లకు లేని స్వేచ్ఛ ఉంది, నచ్చకపోతే వదిలేసి వెళ్లిపోతుంది." మొదటి మాట అవమానం అని చాలామందికి తెలుసు. రెండోది పొగడ్తలా ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ నిలదీయరు.

అందులో నిజం లేకపోలేదు. బగత, కొండదొర, కోంధు, పోర్జ, గదబ వంటి తెగల్లో ఇష్టపడి లేచిపోయి చేసుకున్న పెళ్లిని పెద్దలు తర్వాత ఒప్పుకోవడం ఆనవాయితీ. విడిపోయిన మనిషి మళ్లీ పెళ్లి చేసుకోవడం తప్పు కాదు. విధవను మూలన కూర్చోబెట్టే అలవాటు లేదు. అయితే ఆ స్వేచ్ఛకు ఒక ధర ఉంది. దాని పేరు ఓలి.

ఓలి అంటే పెళ్లికొడుకు తరఫువాళ్లు అమ్మాయి తల్లిదండ్రులకు ఇచ్చే సొమ్ము. ఒకప్పుడు పశువులు, ధాన్యం, బట్టలు. ఇప్పుడు ఎక్కువగా నగదు. కట్నం కంటే ఓలి మేలని అనుకునేవాళ్లు ఒక తేడా గమనించాలి. ముస్లిం నికాహ్‌లో మెహర్ పెళ్లికూతురి సొత్తు. భర్త ఇచ్చినా, ఇస్తానని బాకీ పెట్టినా దాని మీద హక్కు ఆమెదే. ఓలి అలా కాదు. అది ఆమె చేతికి రాదు, తండ్రి చేతికి పోతుంది. ఆమె భర్తను వదిలి వచ్చేస్తే, తప్పు ఆమెదే అని పెద్దలు తేలిస్తే, ఓలి వెనక్కి కట్టాల్సింది పుట్టింటివాళ్లు. లేదంటే ఆమెను చేసుకునే కొత్త మనిషి పాత భర్తకు కట్టుకోవాలి. పదేళ్ల కిందట అన్న పెళ్లికో, దుక్కిటెద్దులకో ఖర్చయిపోయిన డబ్బు అది. ఇప్పుడు ఎక్కడి నుంచి తెస్తారు? అందుకే దెబ్బలు తిని కొండ దిగి వచ్చిన కూతుర్ని తల్లి గుండెకు హత్తుకుంటుంది. నాలుగు రోజులయ్యాక తండ్రి తానే వెంటబెట్టుకుని మళ్లీ దిగబెట్టి వస్తాడు. తండ్రికి జాలి లేకపోవడం ఒక్కటే దీనికి కారణం కాదు. విడిపోయే హక్కు ఆమెకు ఉంది, ఆ ఖర్చు మాత్రం ఇంకొకరి జేబులోంచి రావాలి.

ఇప్పుడు కొత్త చిక్కు ఒకటి వచ్చింది. చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్న కుర్రాళ్ల పెళ్లిళ్లలో కట్నం మాట కొండల మీదా వినపడుతోంది. ఓలి పోతూ పోతూ ఉన్నచోట, కట్నం వస్తూ వస్తూ ఉన్నచోట, రెండింటి చెడూ ఒక్క ఇంట్లోనే చేరుతోంది.

పెద్దల ముందు పంచాయితీ

కొండ మీద ఏ తగాదా అయినా ముందు వెళ్లేది ఊరి పెద్దల దగ్గరకే. చట్టం కూడా దీన్ని కాదనలేదు. 1996 నాటి పీసా చట్టంలోని సెక్షన్ 4, తమ ఆచారాలను, తగాదాలు తీర్చుకునే సొంత పద్ధతిని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2011లో దానికి నిబంధనలు కూడా చేసింది. పోలీస్ స్టేషన్‌కు వెళ్లడానికి ఒక రోజు, కోర్టుకు తిరగడానికి ఏళ్లు పట్టే చోట, పెద్దల ముందు అదే సాయంత్రం మాట తెగుతుంది. భాష ఒక్కటే, ఖర్చు తక్కువ. పెద్దల పంచాయితీని తీసిపారేసేవాళ్లు దీనికి బదులుగా ఏం చూపిస్తారో కూడా చెప్పాలి.

కానీ ఆ పంచాయితీలో తేలేది ఏమిటి? ఓలి ఎంత, తప్పు ఎంత, పిల్లలు ఎవరి దగ్గర, పశువులు ఎవరికి. ఇద్దరు మనుషుల మధ్య తగువును రెండు కుటుంబాల మధ్య లావాదేవీగా చూసి తేల్చడం దాని బలం. దాని లోటు కూడా అక్కడే ఉంది. కొట్టినందుకు అతను జరిమానా కడతాడు, అందరూ కలిసి భోజనం చేస్తారు, రాజీ అయిపోతుంది. ఆ రాత్రి ఆమె అదే ఇంట్లో, అదే మనిషి పక్కన పడుకోవాలి. రేపు మళ్లీ కొడితే ఎవరు అడ్డుపడతారన్న ప్రశ్నకు పంచాయితీలో జవాబు లేదు. ఆ కూర్చున్నవాళ్లలో ఆడవాళ్లు ఎంతమంది, వాళ్ల మాటకు విలువ ఎంత అన్నది ఊరిని బట్టి మారుతుంది. చాలా ఊళ్లలో ఆమె తరఫున మాట్లాడేది అన్నో మేనమామో తప్ప ఆమె కాదు.

భర్త పోయిన మనిషికి ఇంకో ముప్పు. ఊళ్లో ఎవరికో జబ్బు చేస్తే "చిల్లంగి పెట్టింది" అన్న నింద ఒంటరి ఆడదాని మీద పడటం మన్యంలో కొత్త కాదు. ఆ నింద వెనక చాలాసార్లు ఆమె సాగు చేసుకుంటున్న చెక్క భూమి ఉంటుంది. పక్కనే ఉన్న ఒడిశా ఇలాంటి నిందలు, దాడులకు విడిగా 2013లోనే చట్టం చేసుకుంది.

కొండకు సరిపోయే చట్టమే అది

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. దేశంలోని కుటుంబ చట్టాల్లో చాలావాటికి ఆదివాసీ ఇంటి గడప దాటే అర్హతే లేదు. హిందూ వివాహ చట్టం, హిందూ వారసత్వ చట్టం రెండూ కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకు వర్తించవని వాటిలోనే రాసి ఉంది. అందుకే అరకు మహిళ విడాకులకో ఆస్తికో కోర్టుకు వెళితే "మీ ఆచారం ఏమిటో రుజువు చేయండి" అనే ప్రశ్న ఎదురవుతుంది. ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబం కేసులో 2025 జూలై 17న సుప్రీంకోర్టు, ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారం ఉన్నట్టు రుజువు కానప్పుడు కేవలం ఆడది అన్న కారణంతో వాటా కాదనడం సమానత్వ హక్కుకు విరుద్ధమని చెప్పింది. ఆ మాట దాకా రావడానికి ఆ కుటుంబం ఎన్ని మెట్లు ఎక్కిందో ఊహించుకోవచ్చు.

గృహహింస చట్టం అలా కాదు. అది మతం అడగదు, తెగ అడగదు. హైదరాబాద్ పాతబస్తీలోని ముస్లిం మహిళకు, గుంటూరులోని క్రైస్తవ మహిళకు, ముంచింగిపుట్టులోని పోర్జ మహిళకు ఒకే సెక్షన్లు. పర్సనల్ లాలను అది ముట్టుకోదు, వాటి పక్కనే నిలబడి పని చేస్తుంది. అంతకంటే ముఖ్యం, పెళ్లి శుభలేఖ అడగదు, రిజిస్ట్రేషన్ కాగితం అడగదు. ఒకే ఇంట్లో పెళ్లిలాంటి బంధంలో కలిసి బతికితే చాలు. జార్ఖండ్ నుంచి వచ్చిన ఒక కేసులో 2018లో సుప్రీంకోర్టు, చట్టప్రకారం పెళ్లి కాని భాగస్వామి కూడా ఈ చట్టం కింద భరణం కోరవచ్చని స్పష్టం చేసింది. లేచిపోయి కాపురం పెట్టి, పెద్దల భోజనంతో పెళ్లి అయిందనిపించుకున్న జంటలు నిండిన కొండలకు ఇంతకంటే అతికిన చట్టం ఇంకొకటి లేదు.

హింస అంటే దెబ్బలే కాదని కూడా ఆ చట్టం అంటుంది. బూతులు, బెదిరింపులు, ఇష్టం లేకుండా మీద పడటం, డబ్బు లాక్కోవడం, అన్నీ హింసే. కాఫీ ఏరిన కూలి భర్త ఖాతాలో పడి ఆమెకు రూపాయి కనపడకపోతే అది ఆర్థిక హింస. మిరియాలు, పసుపు, రాజ్మా సంతకు మోసింది ఆమె, డబ్బు లెక్కపెట్టుకుంది అతను అయితే అదీ అంతే. డ్వాక్రా సంఘంలో ఆమె పేరున తీసిన అప్పును అతను మోటార్‌సైకిల్‌కు వాడి, వాయిదాలు ఆమె నెత్తిన వేస్తే అదీ ఈ లెక్కలోకే వస్తుంది.

ఇంకో విషయం. కొండ మీది ఆడవాళ్లు, ఆ మాటకొస్తే మైదానం ఆడవాళ్లు కూడా, పోలీసు కేసుకు జంకడానికి పెద్ద కారణం మొగుడు జైలుకు పోతాడనే. నాగలి పట్టేది అతనే. పిల్లలకు తండ్రి అతనే. ఆమెకు కావలసింది అతను కొట్టడం మానేయడం. గృహహింస చట్టం సరిగ్గా అదే ఇస్తుంది. మేజిస్ట్రేట్ "ఆమె మీద చెయ్యి వేయొద్దు, ఆ ఇంట్లోంచి ఆమెను పంపొద్దు" అని రక్షణ ఉత్తర్వు ఇస్తారు. అవసరమైతే అతన్నే ఇల్లు ఖాళీ చేయమంటారు. అంటే బతకడానికి ఆమె ఇల్లు వదలాల్సిన పని లేదు. ఆ ఉత్తర్వును మీరితేనే నేరం: ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దరఖాస్తు అందాక మూడు రోజుల్లోపు మొదటి వాయిదా, అరవై రోజుల్లో ముగింపు ఉండేలా చూడాలని సెక్షన్ 12 చెబుతోంది. పుట్టింట్లోనో విశాఖలో పని చేసుకుంటూనో ఉంటే అక్కడి కోర్టులోనే వేసుకోవచ్చు. క్రూరత్వం కింద క్రిమినల్ కేసే కావాలనుకుంటే పాత 498ఏ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 85 ఉంది. మూడేళ్ల దాకా శిక్ష. ఆ రెండూ ఒకదానికొకటి అడ్డు కావు. ఊరి పెద్దల రాజీ కాగితం కూడా వీటికి అడ్డు కాదు.

మరి ఇంత చట్టం ఎందుకు కొండ ఎక్కలేదు?

మొదటిది దారి. గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చే ఊళ్ల వార్తలు ప్రతి వానాకాలం వస్తూనే ఉంటాయి. నొప్పులతో ఉన్న మనిషిని మోయడానికి నలుగురు ముందుకొస్తారు. మొగుడు కొట్టిన మనిషిని మోయడానికి ఎవరు వస్తారు? మోసే నలుగురూ అతని బంధువులే. దిశ యాప్ అని 2020లో, శక్తి యాప్ అని తర్వాత, ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఫోన్‌లోకి ఒక మీట వస్తోంది. సిగ్నల్ కోసం గట్టు ఎక్కాల్సిన ఊళ్లో, ఇంట్లో ఉన్న ఒకే ఫోన్ అతని జేబులో ఉన్నప్పుడు, ఆ మీట ఎవరు నొక్కాలి?

రెండోది భాష. కువి, గదబ, పోర్జ, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇళ్లలో ఆడవాళ్లకు తెలుగు సంత బేరాలకు సరిపోయేంతే వస్తుంది. పడకగదిలో జరిగింది చెప్పుకోవడానికి ఆ తెలుగు చాలదు. స్టేషన్‌లో ఆమె మాటను తెలుగులోకి చెప్పేది వెంట వచ్చిన మగవాడు. అతను ఏది చెబితే అదే ఫిర్యాదు.

మూడోది, ఎవరూ పైకి అనడానికి ఇష్టపడనిది. 2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలం వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద సామూహిక అత్యాచారం చేశారని 11 మంది కోంధు మహిళలు ఫిర్యాదు చేశారు. కేసు పదహారేళ్లు నడిచింది. తీర్పు వచ్చేలోగా వారిలో ఇద్దరు చనిపోయారు. 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులనూ నిర్దోషులుగా విడుదల చేసింది. అదే తీర్పులో దర్యాప్తు సరిగా జరగలేదని తప్పుపట్టి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని చెప్పింది. ఈ తీర్పు గురించి ఎవరి వాదన వారికి ఉండొచ్చు. కానీ ఆ కొండల్లో పెరిగిన ఆడపిల్లకు అమ్మ చెప్పిన కథల్లో వాకపల్లి ఉంటుంది. "మొగుడు కొడితే స్టేషన్‌కు వెళ్లు" అనే సలహా ఆమె చెవికి ఎలా వినిపిస్తుందో మైదానంలో పోస్టర్ వేసేవాళ్లు ఆలోచించి ఉండరు.

నాలుగోది మరీ విచిత్రం, ఇక్కడ ఒక మంచి చట్టమే ఇంకో మంచి చట్టానికి అడ్డం పడుతోంది. పద్దెనిమిది నిండకుండా జరిగే పెళ్లిళ్లు రాష్ట్రంలోనే ఎక్కువ. 20–24 ఏళ్ల ఆడవాళ్లలో 29 శాతం మందికి 18 లోపే పెళ్లయిందని అదే ఐదో సర్వే లెక్క. కొండల్లో లేచిపోయే జంటల్లో పదహారు, పదిహేడేళ్ల పిల్లలు ఉంటారు. 2017లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, 18 లోపు భార్యతో కాపురం కూడా అత్యాచారమే. పోక్సో చట్టం ప్రకారం అది తెలిసిన నర్సు అయినా టీచరైనా పోలీసులకు చెప్పి తీరాలి. అది పిల్లల రక్షణకే పెట్టిన నిబంధన, దాన్ని తప్పు పట్టనక్కర్లేదు. అయితే పదిహేడేళ్ల తల్లి పగిలిన పెదవితో ఆరోగ్య కేంద్రానికి వస్తే ఏమవుతుంది? పెదవి గురించి అడిగితే వయసు బయటపడుతుంది, వయసు బయటపడితే మొగుడు జైలుకు. కాబట్టి ఆమె రాదు. వస్తే "జారి పడ్డాను" అంటుంది. రిజిస్టర్‌లో అదే రాస్తారు. అందరికంటే చిన్నది, అందరికంటే ఒంటరిది అయిన మనిషికే అన్ని తలుపులూ మూసుకుపోతున్నాయి.

సారా సంగతేమిటి?

గృహహింస అనగానే కొండ మీద అధికారులు చెప్పే మొదటి మాట తాగుడు. జీలుగు కల్లు అక్కడ ఈనాటిది కాదు. పండక్కి, పంచాయితీకి, చావుకి అది ఉండాల్సిందే, ఆడవాళ్లూ తాగుతారు. దాన్ని చూపించి హింసను వివరించడం తేలిక. తాగినవాడు అటవీ గార్డును కొట్టడు, సంతలో షావుకారును కొట్టడు, ఇంటికొచ్చి భార్యనే కొడతాడు. అంటే మత్తులో కూడా ఎవరిని కొడితే ఏమీ కాదో అతనికి బాగా తెలుసు.

అలాగని మందును వదిలేయలేం. కల్లు వేరు, సీసా మందు వేరు. కాపు సారా ఒకటి ఎప్పటి నుంచో ఉంది. ఆ పైన 2024 అక్టోబర్‌లో వచ్చిన రాష్ట్ర మద్యం విధానంలో 99 రూపాయల క్వార్టర్ సీసా వచ్చింది. చీప్ మందు దొరికే చోట కూలి డబ్బు ఇంటికి ఎంత చేరుతుందో చెప్పనక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు వాళ్ల మొదటి మాట తాగుడు గురించే అయినా, దాని వెనక ఉన్నది ఇంట్లో దెబ్బలు, పొయ్యి మీదకు రాని గింజలు. మైదానం ఆడవాళ్లకు లేని ఆయుధం ఒకటి మన్యం ఆడవాళ్లకు ఉంది. మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నియంత్రించే లేదా నిషేధించే అధికారం పీసా చట్టం గ్రామసభకే ఇచ్చింది. దాన్ని వాడాలంటే గ్రామసభలో ఆడవాళ్లు కూర్చోవాలి, వాళ్లు కూర్చున్న రోజు తీర్మానం రాయాలి.

అరకుకు ప్రత్యేకమైన ఇంకో రకం హింస ఉంది. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనలేరు. ఆ కట్టడిని దాటడానికి కొందరు ఎంచుకునే దారి, ఆదివాసీ మహిళతో కాపురం పెట్టి ఆమె పేరున స్థలం రాయించడం. పర్యాటకం పెరిగి, లాడ్జీలు, రిసార్టులు లేచేకొద్దీ ఆ స్థలాల విలువ పెరిగింది. కాగితం మీద యజమాని ఆమె. తాళం, డబ్బు, నిర్ణయం అతనివి. కింద ఊళ్లో అతనికి ఇంకో సంసారం కూడా ఉండొచ్చు. ఎదురు తిరిగితే గెంటివేత. పెళ్లి రుజువు లేదని ఆమె భయపడుతుంది. నిజానికి ఈ చట్టం కింద ఆమె కలిసి బతికిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉంది, ఆ మాట చెప్పేవాళ్లే లేరు.

మొదట ఎవరికి చెబుతుంది?

ఆమె మొదట చెప్పేది అధికారికి కాదు. నీళ్ల దగ్గర పక్కింటి ఆమెకు, కాఫీ తోటలో పక్క వరుసలో ఏరుతున్న ఆమెకు, ఆశా కార్యకర్తకు, అంగన్‌వాడీ టీచరుకు. అందుకే సాయం అనేది అక్కడి నుంచే కట్టుకు రావాలి. వీళ్లలో చాలామందిది అదే తెగ, అదే భాష. 2019 తర్వాత గ్రామ సచివాలయాల్లో వచ్చిన మహిళా సంరక్షణ కార్యదర్శి కూడా ఉన్నారు. అయితే వీళ్లకు పని చెప్పేవాళ్లు ఎక్కువ, ఈ పని నేర్పేవాళ్లు తక్కువ.

నేర్పాల్సింది కష్టమైనదేమీ కాదు. ఆమె చెబుతున్నప్పుడు మధ్యలో "నువ్వేమన్నావు అతన్ని" అని అడగకూడదు. "ఇంకా ఎందుకు ఉంటున్నావు" అనీ అడగకూడదు, ఓలి లెక్క తెలిసినవాళ్లు ఆ ప్రశ్న వేయరు. మంచి చేస్తున్నామనుకుని నేరుగా మొగుడి దగ్గరకు వెళ్లి మందలిస్తే ఆ రాత్రి దెబ్బలు రెట్టింపవుతాయి. వెళ్లిపోవాలని ఆమె తేల్చుకున్న రోజులే అన్నింటికంటే ప్రమాదం, ప్రపంచంలో ఎక్కడైనా అంతే. కాబట్టి ఎప్పుడు, ఎలా అన్నది ఆమె నిర్ణయం. ఈలోగా ఆధార్, రేషన్ కార్డు, కుల ధ్రువీకరణ, బ్యాంకు పుస్తకం, పిల్లల కాగితాలు నమ్మకమైన ఇంట్లో దాచిపెట్టడానికి సాయపడొచ్చు. దెబ్బ తగిలిన రోజే ఆరోగ్య కేంద్రంలో చూపించుకునేలా చేయొచ్చు. అక్కడ డాక్టరు "పడిపోయింది" అని కాకుండా జరిగింది రాస్తే, ఏడాది తర్వాత కోర్టులో ఆ ఒక్క గీతే ఆమెకు సాక్షి. గృహహింసకు గురైన మహిళకు వైద్యం కాదనకూడదని ఈ చట్టంలోని సెక్షన్ 7 ఆస్పత్రులను కట్టేసింది.

మిగతాది ప్రభుత్వం చేయాల్సింది. తాలూకా స్థాయి రక్షణాధికారి అన్న సుప్రీంకోర్టు మాటను పాడేరులో ఒక బోర్డుతో ముగిస్తే లాభం లేదు. అరకులో, చింతపల్లిలో, ముంచింగిపుట్టులో ఒక్కొక్కరు ఉండాలి, వారిలో కువి, ఒడియా వచ్చినవాళ్లు ఉండాలి. వారం వారం జరిగే సంతకు కొండ మీది ఆడవాళ్లు ఎలాగూ దిగుతారు, అక్కడే పుట్టింటివాళ్లను కలుస్తారు. న్యాయ సేవాధికార సంస్థ ఏడాదికోసారి సదస్సు పెట్టే బదులు సంతలో ఒక బల్ల వేసుకుని కూర్చుంటే ఆమె ఎవరి అనుమతీ అడగకుండా వచ్చి మాట్లాడొచ్చు. 2015లో మొదలైన సఖి కేంద్రాలు జిల్లాకు ఒకటి అన్న లెక్కతో వచ్చాయి. ఆ లెక్క గుంటూరుకు సరిపోతుందేమో, కొండలకు సరిపోదు. పక్కనే సాలూరులో కొండ ఊళ్ల గర్భిణులు నెలలు నిండకముందే వచ్చి ఉండటానికి వసతి గృహం పెట్టారు. రోడ్డు వచ్చేదాకా ఆగలేం కాబట్టి మనిషినే ముందుగా కిందకు తెద్దామన్న ఆలోచన అది. అదే ఆలోచనతో మండల కేంద్రంలో రెండు గదులు, ఒక వంటమనిషి, పిల్లలతో సహా పది రోజులు ఉండే వీలు కల్పించడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

భూమి కాగితం సంగతి కూడా చూడాలి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం పెళ్లయిన వాళ్లకిచ్చే పట్టాను భార్యాభర్తలిద్దరి పేరునా ఉమ్మడిగా నమోదు చేయాలంటోంది. పట్టా మీద రెండో పేరు ఉందో లేదో, ఉంటే ఆమెకు ఆ సంగతి తెలుసో లేదో గ్రామసభలో చదివి వినిపించొచ్చు. కాఫీ డబ్బు కూడా ఏరిన మనిషి ఖాతాలోకే వెళ్లేలా కొనేవాళ్లు చూడొచ్చు. చేతిలో సొంత డబ్బు, కాగితం మీద సొంత పేరు ఉన్న మనిషి పెద్దల ముందు కూర్చుంటే ఓలి బేరం వేరేగా నడుస్తుంది.

మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరానికి 112, ఉచిత న్యాయ సహాయానికి 15100. ఆదివాసీ మహిళకు ఆదాయంతో పని లేకుండా లాయరు ఉచితం. బాధితురాలే ఫోన్ చేయాలన్న నియమం లేదు. హింస జరుగుతోందని, జరగబోతోందని నమ్మిన ఎవరైనా రక్షణాధికారికి చెప్పొచ్చని గృహహింస చట్టం సెక్షన్ 4లో ఉంది. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద ఏ కేసూ ఉండదని కూడా అందులోనే రాసి ఉంది.